తొలి రికార్డులో రొద: నెల్లూరు తీరపు తొలి పుస్తకాల వెలుగులో ఒక పరిశీలన

2016లో హైదరాబాదుకు చెందిన ‘గాడ్‌లెస్’ అనే సంగీతబృందం ‘సెంచరీస్ ఆఫ్ డెకడెన్స్’ పేరుతో తన తొలి రికార్డును వెలువరించింది. కొద్ది పాటలతో కూడిన చిన్న రికార్డు అది. సంగీతలోకం దానిని డెత్ మెటల్ శాఖలో చేర్చింది. గిటార్లను మామూలు కంటే కింది శ్రుతికి దించి, వాటి ధ్వనిని విద్యుత్ పరికరాలతో బరకగా మార్చి, డ్రమ్ములను మితిమీరిన వేగంతో మోగించి, వాటిమీద గాయకుడు పాడడానికి బదులు గర్జించే పద్ధతి ఇది. పాటల భాష ఆంగ్లం. బృందం పేరుకు ‘దేవుడు లేనివాళ్లు’ అని అర్థం. 1940లోనే గోరా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించిన నేలమీద ఆ పేరుకు ఉలిక్కిపడేవారు తక్కువ. ఉలిక్కిపడేలా చేసేది ఆ గొంతు.

ఈ రికార్డుకు తెలుగు సాంస్కృతిక చరిత్రలో స్థానం ఉన్నదా అన్న ప్రశ్నకు రెండు సులభమైన సమాధానాలు సిద్ధంగా ఉంటాయి. పాడింది తెలుగులో కాదు గనుక లేదన్నది ఒకటి. వాయించినవారు ఇక్కడివారు గనుక ఉన్నదన్నది రెండవది. మొదటిది భాషను, రెండవది జనన ధ్రువపత్రాన్ని చూసి తీర్పు చెబుతుంది. రెండూ రికార్డును వినకుండానే చెప్పగల తీర్పులు. అంతకు ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. సాహిత్యంలో గాని, సంగీతంలో గాని ఒక యువబృందం తన మొట్టమొదటి కృతినే కర్ణకఠోరంగా మలిచినప్పుడు అది దేనిని పగలగొడుతున్నది? ఈ ప్రశ్న తెలుగు సాహిత్యానికి కొత్తది కాదు. 1939లో నెల్లూరు యువకుడు పఠాభి ‘ఫిడేలు రాగాల డజన్’ అచ్చువేశాడు. 1965లో వెలువడిన దిగంబరకవుల తొలి సంపుటిలోని ఆరుగురిలో ఒకడైన మహాస్వప్నది నాటి నెల్లూరు జిల్లా కందుకూరు తాలూకాలోని లింగసముద్రం. ఈ రెండు పుస్తకాలను హైదరాబాదు రికార్డు పక్కన ఉంచి చదివితే, ఆ సంగీతం గురించి సంగీత పత్రికలు అడగని ప్రశ్న ఒకటి అడగడానికి వీలవుతుంది.

ముందుగా పరిభాష. అలంకారశాస్త్రం పరుషత్వాన్ని గుర్తించింది. కొన్ని రసాలకు అది తగినదని అనుమతించింది కూడా. ఇక్కడ చెప్పుకొంటున్నది ఆ పరుషత్వం కాదు. సంగీతశాస్త్రం నాదం అని పిలిచేదాని అంచుకు ఆవల మిగిలిపోయే ధ్వనికి తెలుగులో ‘రొద’ అనే మంచి మాట ఉంది. రొద అనడంలో వినేవాడి ఫిర్యాదు కూడా ఇమిడి ఉంటుంది. సముద్రతీరంలో నివసించేవారు అలల ధ్వనిని రొద అనరు, హోరు అంటారు. బహుశా అలవాటుపడిన రొదే హోరు. ఈ వ్యాసంలో రొద అన్నమాటకు, వినేవాడు ఇంకా అలవాటుపడని ధ్వని అనే అర్థాన్నే గ్రహించడమైనది.

గాయం, పరికరం, శైలి

మెటల్ సంగీతపు పుట్టుక గురించి చెప్పేవారంతా ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ దగ్గర మొదలుపెడతారు. కార్మిక కుటుంబాల నుంచి వచ్చిన నలుగురు యువకుల బృందం బ్లాక్ సబ్బత్ తొలి రికార్డు 1970 ఫిబ్రవరి 13న విడుదలైంది. దానిని 1969 అక్టోబరులో లండన్ స్టూడియోలో ఒక్కరోజులో ముద్రించుకున్నారు. ఆ బృందపు గిటారు వాద్యకారుడు టోనీ అయోమీ పదిహేడో ఏట రేకుల కర్మాగారంలో పనిచేస్తూ కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. అతనిది ఎడమచేతి వాటం. కాబట్టి తీగలను నొక్కవలసిన వేళ్లు అవే. ప్లాస్టిక్‌ను కరిగించి వేలికొసలకు తొడుగులు చేసుకున్నాడు, సన్నని తీగలు వాడాడు, కొన్నేళ్లకు నొక్కడం సులభమయ్యేలా తీగల బిగువును సడలించాడు. బిగువు తగ్గితే శ్రుతి దిగుతుంది. తర్వాతి తరాలు మెటల్ లక్షణంగా భావించిన ఆ బరువైన మంద్రధ్వనికి ఒక కర్మాగారపు ప్రమాదం కూడా కారణమే. శైలి అనేది కవి ఆత్మ నుంచి మాత్రమే పుడుతుందని నమ్మే విమర్శకు ఈ ఉదాహరణ కొంత ఇబ్బంది కలిగిస్తుంది.

న్యూకాజిల్ ప్రాంతానికి చెందిన వెనమ్ బృందం 1981లో వెలువరించిన ‘వెల్కమ్ టు హెల్’ కూడా ఇలాంటిదే. నమూనా ముద్రణ చేస్తున్నామనుకొని మూడు రోజుల్లో వాయించినది రికార్డుగా బయటికి వచ్చింది. దానిలోని మసక ధ్వనిని తర్వాతి యువకులు ఆదర్శంగా తీసుకున్నారు. ఆ ముగ్గురూ సొంత పేర్లు వదిలి క్రోనోస్, మాంటస్, అబాడన్ అని పేర్లు పెట్టుకున్నారు. ఈ మారుపేర్ల సంగతి మళ్లీ ప్రస్తావనకు వస్తుంది.

అయితే తొలి రికార్డు అనే విషయాన్ని లోతుగా చూడడానికి వీటికంటే తగినది నేపామ్ డెత్ బృందపు ‘స్కమ్’. 1981లో బర్మింగ్‌హామ్ సమీపంలోని మెరిడెన్ గ్రామంలో బడిపిల్లలు మొదలుపెట్టిన బృందమది. రికార్డు మొదటి వైపును 1986 ఆగస్టులో బర్మింగ్‌హామ్‌లోని ఒక స్టూడియోలో వాయించారు. అప్పటికి నిక్ బుల్లెన్, జస్టిన్ బ్రాడ్రిక్, మిక్ హారిస్ ముగ్గురూ ఇరవై ఏళ్లలోపువారు. రెండవ వైపును 1987 మేలో వాయించే నాటికి డ్రమ్ములు వాయించే హారిస్ తప్ప తక్కినవారంతా మారిపోయారు. గాయకుడు వేరు, గిటారు వేరు. ఒకే పేరుతో, ఒకే అట్టలో, నిజానికి రెండు బృందాలు ఉన్నాయి. 1987 జులైలో ఇయర్‌యేక్ అనే చిన్న సంస్థ దానిని విడుదల చేసింది. మొత్తం 28 పాటలు, సుమారు 33 నిమిషాలు. మొదటి వైపు చివరి పాట 1.316 సెకన్లు మాత్రమే; లోకంలోకెల్లా పొట్టి పాటగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. ఇది వేళాకోళం అనుకొని వదిలేసినవారూ ఉన్నారు. కానీ పాట అంటే కనీసం ఎంత ఉండాలి అన్న ప్రశ్నను అంత క్లుప్తంగా వేసిన రచన మరొకటి కనిపించదు.

వాయించే పద్ధతిలో కీలకమైనది ‘బ్లాస్ట్ బీట్’. చేతి డ్రమ్మును, కాలి డ్రమ్మును ఒకదాని వెంట ఒకటిగా, చెవి విడదీసి లెక్కపెట్టలేనంత వేగంగా మోగించడం ఇది. తాళం తన పని మానుకుంటుంది. లెక్క ఉన్నా వినేవాడికి అందదు. గొంతు విషయంలోనూ అంతే. స్వరతంత్రుల పైన ఉండే మిథ్యాతంత్రులను కంపింపజేసి తీసే గర్జనలో శ్రుతి దాదాపుగా మాయమవుతుంది, అక్షరాలు కలిసిపోతాయి. పాఠం కావాలంటే రికార్డుతోపాటు అచ్చువేసిన కాగితం చూడాలి. చెవికి ఒక కృతి, కంటికి మరొక కృతి. తెలుగు పద్యనాటకం చూసినవారికి ఇది పూర్తిగా అపరిచితం కాదు. నటుడు సాగదీసిన రాగంలో పద్యపాదం మునిగిపోయినా ప్రేక్షకుడు ‘వన్స్ మోర్’ అంటాడు, మాటలు అతనికి ముందే తెలుసు గనుక.

కాగితం మీద చూస్తే ‘స్కమ్’ పాటల్లో దయ్యాలు, భూతాలు లేవు. బహుళజాతి సంస్థల పెత్తనం, యుద్ధం, అధికారానికి తలొగ్గే మనుషుల పిరికితనం ఉన్నాయి. అట్టమీది బొమ్మలోనూ పుర్రెలతోపాటు సూటు ధరించిన పెద్దమనుషులు, వ్యాపార చిహ్నాలు కనిపిస్తాయి. ఆగ్రహం స్పష్టంగానే ఉంది, దానిని వినిపించే గొంతులోనే స్పష్టత లేదు. స్పష్టమైన మాటను అస్పష్టంగా అరవడం ఎందుకు? ఈ వ్యాసపు అభిప్రాయం ప్రకారం ఆ బృందం పగలగొట్టదలచుకున్నది తన సొంత దేశపు పాటనే. అదే ఆంగ్లంలో, అదే రేడియోలో వినిపించే మూడున్నర నిమిషాల ప్రేమగీతాన్ని. పగిలేది ఏమిటో బ్రిటన్‌లోని శ్రోతకు వెంటనే అర్థమైంది. అందుకే బీబీసీ రేడియోలో జాన్ పీల్ వంటి ప్రయోక్త 1987లోనే ఆ బృందాన్ని తన కార్యక్రమానికి పిలిచి వాయింపజేశాడు. కొందరు నవ్వారు, కొందరు కోపగించారు. ఏమీ తోచక ఊరుకున్నవారు తక్కువ.

నెల్లూరు: ఒక డజను

మెరిడెన్ కుర్రవాళ్లకు దాదాపు అర్ధశతాబ్దం ముందు, ఇలాగే సొంత ఇంటి కిటికీలు పగలగొట్టిన యువకుడు తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. 1919లో నెల్లూరులో సంపన్న కుటుంబంలో పుట్టాడు. శాంతినికేతన్‌లో, కలకత్తాలో, న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు. పఠాభి అనే పేరుతో 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’ వెలువరించే నాటికి అతనికి ఇరవయ్యేళ్లు. శ్రీశ్రీ దానికి పరిచయం రాశాడు. ఆ శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ గీతాలు పుస్తకంగా రావడానికి ఇంకా పదకొండేళ్లు పట్టిందన్నది గమనించదగినది. ఇరవయ్యేళ్ల సంపన్న యువకుడికి అచ్చుయంత్రం అందినంత సులభంగా, అప్పటికే కవిగా గుర్తింపు ఉన్న శ్రీశ్రీకి అందలేదు.

పేరులోనే పేచీ ఉంది. తెలుగు కవిత్వానికి లెక్కలు లేకపోలేదు. శతకం ఉంది, అష్టకం ఉంది, పంచకం ఉంది, ఇరవయ్యేడింటి నక్షత్రమాల ఉంది. డజను మాత్రం కవిత్వపు లెక్క కాదు, అంగడి లెక్క. అరటిపండ్లకు, గుండీలకు, సోడాబుడ్లకు వాడే లెక్క. ‘రాగాల’ అన్న పవిత్రమైన మాటను ఫిడేలుకూ డజనుకూ మధ్య ఇరికించడంలో కవి కొంటెతనం ఉంది, ఒక ప్రకటన కూడా ఉంది. యాదృచ్ఛికమే గాని, ‘స్కమ్’ మొదటి వైపు పాటలు కూడా సరిగ్గా డజనే.

పుస్తకపు ఆరంభ కవిత పద్యఛందస్సు మీద, చిన్నయసూరి బాలవ్యాకరణం మీద దండయాత్ర ప్రకటిస్తుంది. పఠాభి తనను భావకవిగా కాక ‘అహంభావకవి’గా చెప్పుకొన్నాడు. ఒక్క ఉపసర్గ వంటి ముక్కను ముందు తగిలించి మొత్తం భావకవిత్వోద్యమాన్ని హాస్యాస్పదం చేసిన ఈ శ్లేష ఆ పుస్తకపు పనితనానికి మంచి నమూనా. భావకవిత్వం మాటలను మెత్తగా, సంగీతమయంగా చేసింది. పఠాభి ఆ మెత్తదనంలోకి ఆంగ్లపదాలు దొర్లించాడు, మాటలను పంక్తుల చివర విరగగొట్టాడు, మద్రాసు నగరపు వీధులను, వాహనాలను, శరీరాన్ని ప్రవేశపెట్టాడు. విరిచిన మాట కాగితం మీద మాత్రమే విరిగినట్టు కనిపిస్తుంది. పైకి చదివితే అతుక్కుంటుంది. ‘స్కమ్’ లో చెవికి దొరకని పాఠం కాగితం మీద దొరికితే, ఇక్కడ కాగితం మీది విరుపు చెవికి దొరకదు. రెండుచోట్లా కృతి కంటికీ చెవికీ మధ్య చీలి ఉంది.

ఈ నగరధ్వని నెల్లూరు కవికి ఎందుకు పట్టుబడింది అన్నదానికి భూగోళం కొంత సమాధానం చెబుతుంది. నెల్లూరు తీరం మద్రాసుకు ఉత్తరపు వాకిలి. బకింగ్‌హామ్ కాలువ పడవలు ఆ తీరం వెంబడే మద్రాసుకు వెళ్లేవి, బెజవాడ-మద్రాసు రైలుమార్గం నెల్లూరు మీదుగానే సాగింది. గోదావరి మండలపు కవికి మద్రాసు ఉద్యోగం కోసమో, ముద్రణ కోసమో వెళ్లే దూరపు పట్నం. నెల్లూరు సంపన్న యువకుడికి అది పక్క ఊరు. శిష్ట్లా ఉమామహేశ్వరరావు వంటివారు అదే దశకంలో వచనంతో ప్రయోగాలు చేశారు. కానీ నగరపు రొదను ఇంత నిస్సంకోచంగా, ఇంత విలాసంగా పుస్తకం నిండా నింపినవాడు పఠాభి.

విలాసంగా అన్నమాట ఉద్దేశపూర్వకంగానే వాడడమైనది. బర్మింగ్‌హామ్ యువకుల రొద వెనుక కర్మాగారం ఉంది. పఠాభి రొద వెనుక తీరిక ఉంది. అతడు భూగర్భ కవి కాడు. పుస్తకానికి శ్రీశ్రీ అండ ఉంది, రచయితకు ఆస్తి అండ ఉంది. ఈ భేదాన్ని దాచి పోలిక చేస్తే అది పోలిక కాదు. అయినా ఒక్క విషయంలో పోలిక నిలబడుతుంది. పఠాభి విరిచింది తనకు బాగా తెలిసినదాన్ని. ఛందస్సు రానివాడు ఛందస్సును వెక్కిరిస్తే అది ఫిర్యాదు అవుతుంది. వచ్చినవాడు వెక్కిరిస్తేనే పాఠకుడికి ఎక్కడ నవ్వాలో తెలుస్తుంది. భావకవిత్వం చెవిలో మోగుతున్న 1939 నాటి పాఠకుడే ఆ పుస్తకానికి సరైన శ్రోత. ఆ మోత లేని నేటి విద్యార్థికి దానిలో కొంత చిలిపితనం తప్ప మరేమీ కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఆ తర్వాత పఠాభి కవిత్వంలో దశాబ్దాలపాటు మౌనంగా ఉన్నాడు. సినిమాల్లోకి వెళ్లాడు, 1970లో అతడు దర్శకత్వం వహించిన కన్నడ చిత్రం ‘సంస్కార’ జాతీయ ఉత్తమ చిత్రంగా ఎంపికైంది. ‘కయిత నా దయిత’, ‘పఠాభి పన్‌చాంగం’ చాలాకాలం తర్వాత వచ్చాయి. సాహిత్యచరిత్రలు తొలి పుస్తకాన్ని సాధారణంగా విత్తనంగా చూస్తాయి. పరిణతి అనే చెట్టు దానినుంచి మొలవాలని ఎదురుచూస్తాయి. మొలవకపోతే ‘ప్రయోగం’ అనే అరలో పెట్టి ముందుకు సాగుతాయి. ‘స్కమ్’ వాయించినవారు రెండవ వైపుకు రాకముందే విడిపోయారన్న సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఈ జాతి తొలి కృతి విత్తనం కాదు. అది ఒకసారి జరిగిపోయే ఘటన. రెండవసారి జరిగితే ఆశ్చర్యం ఉండదు గనుక రెండవసారి జరగదు.

లింగసముద్రం: ఆరు మారుపేర్లు

నెల్లూరు పట్టణానికి ఉత్తరాన, తీరానికి కాస్త ఎడంగా ఉంది లింగసముద్రం. ఊరిపేరులోని సముద్రం ఉప్పునీటి సముద్రం కాదు; ఇలాంటి ఊరిపేర్లలో సముద్రమంటే పెద్ద చెరువు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కందుకూరు ప్రాంతం నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఆ ఊరి కమ్మిశెట్టి వెంకటేశ్వరరావు మహాస్వప్న అయ్యాడు. అతనితోపాటు నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య. ఆరుగురూ ఇంటిపేర్లను, వాటితో వచ్చే కులాన్ని, ఊరిని వదిలించుకున్నారు. పదహారేళ్ల తర్వాత క్రోనోస్, అబాడన్ అని పేర్లు పెట్టుకున్న ఆంగ్ల యువకులతో వీరిని పక్కపక్కన నిలబెడితే పైకి పోలిక బాగానే కనిపిస్తుంది. లోపల భేదం పెద్దది. వెనమ్ పేర్లు వేషాలు. వేదిక దిగితే పోతాయి. తెలుగులో ఇంటిపేరు వదలడం వేషం కాదు, సామాజిక చర్య. అందుకే ఆ పేర్లు వారికి జీవితాంతం మిగిలాయి.

దిగంబరకవుల తొలి సంపుటి 1965 మే 6 అర్ధరాత్రి హైదరాబాదులో ఆవిష్కృతమైంది. ఆవిష్కర్త సాహిత్య అకాడెమీ అధ్యక్షుడో, మంత్రో కాదు. రిక్షా కార్మికుడు నాంపల్లి పాండు. వేళ, మనిషి, చోటు అన్నీ సభామర్యాదకు ఎదురుగా ఎంచుకున్నవే. కవితలను కవితలనక ‘దిక్కులు’ అన్నారు. సంవత్సరాలకు, ఋతువులకు, వారాలకు తమవైన పేర్లు పెట్టుకొని సొంత కాలగణన ప్రకటించారు. 1966లో విజయవాడలో రెండవ సంపుటి, 1968లో విశాఖపట్నంలో మూడవది వచ్చాయి. ఆవిష్కర్తలు హోటల్ కార్మికుడు ఒకరు, భిక్షాటన చేసే స్త్రీ ఒకరు.

1965 నాటికి వచనకవిత తెలుగులో తిరుగుబాటు కాదు, పత్రికలలో నిత్యం కనిపించే రూపం. పఠాభి విరగగొట్టిన ఛందస్సు వీరి చేతికి విరిగిన ముక్కలుగానే అందింది. మరి వీరు పగలగొట్టినదేమిటి? సభ. పుస్తకం ఆవిష్కరించే పద్ధతి, కవిని పొగిడే పద్ధతి, చెప్పదగిన మాటకూ చెప్పకూడని మాటకూ మధ్య గీత. వారి తిట్లను అశ్లీలమన్న విమర్శకులు, ఆ తిట్లు ఏ సభలో వినిపించడానికి రాసినవో గమనించినట్టు కనిపించదు. పఠాభి రొద కాగితం మీద ఉంటే దిగంబరుల రొద సగం కాగితం బయట ఉంది. కేవలం పుస్తకాన్ని మాత్రమే తీసుకొని ఈనాడు బోధిస్తే ఆ సగం పోతుంది. ఇది రికార్డు మీది అంచనాకు కూడా పనికివచ్చే మాట. ‘స్కమ్’ ను కూడా కిక్కిరిసిన చిన్న వేదికలు, చేతినుంచి చేతికి మారిన క్యాసెట్లు, జిరాక్స్ పత్రికలు లేకుండా వింటే అది ముప్పైమూడు నిమిషాల ధ్వనిగా మాత్రమే మిగులుతుంది.

ఈ బృందం కూడా నిలవలేదు. 1970 జులైలో విప్లవ రచయితల సంఘం ఏర్పడినప్పుడు నగ్నముని, జ్వాలాముఖి, నిఖిలేశ్వర్, చెరబండరాజు అందులో చేరారు. తక్కిన ఇద్దరు చేరలేదు. మహాస్వప్న క్రమంగా సాహిత్యరంగం నుంచి తప్పుకొని 2019లో మరణించాడు. చేరినవారి చరిత్ర విస్తారంగా రాయబడింది. తప్పుకున్నవాడి మౌనానికి విమర్శ ఇచ్చిన స్థలం చాలా తక్కువ. తొలి కృతిని ఉద్యమానికి మెట్టుగా మాత్రమే చదివితే మహాస్వప్నకు ఆ చదువులో చోటు దొరకదు. ఘటనగా చదివితే అతడు మిగిలిన ఐదుగురితో సమానంగా అందులో ఉన్నాడు.

బెలో హొరిజాంటే, హైదరాబాదు

ఇంతవరకు చూసిన మూడు తొలి కృతుల కర్తలూ సొంత భాషలో ఉన్న దేన్నో పగలగొట్టారు. అరువు భాషలో రొద చేసినవారి సంగతి వేరు. దానికి మెటల్ చరిత్రలోనే మంచి ఉదాహరణ ఉంది. బ్రెజిల్‌లోని బెలో హొరిజాంటే నగరంలో 1984లో మాక్స్, ఇగోర్ కావలేరా అనే అన్నదమ్ములు సెపల్టురా బృందాన్ని స్థాపించారు. పోర్చుగీసులో ఆ మాటకు సమాధి అని అర్థం. 1985 చివర కోగుమేలో అనే స్థానిక సంస్థ వారి తొలి రికార్డు ‘బెస్టియల్ డెవాస్టేషన్’ ను వెలువరించింది. అది కూడా పూర్తి రికార్డు కాదు. ఒక వైపు వీరివి, మరొక వైపు ఓవర్‌డోస్ అనే మరో బృందానివి. అన్నకు పదహారు, తమ్ముడికి పదిహేను. బ్రెజిల్‌లో సైనిక పాలన ముగిసింది ఆ ఏడాదే. కానీ రికార్డులో బ్రెజిల్ లేదు. సరిగా రాని ఆంగ్లంలో, దూరదేశపు బృందాల నుంచి విని నేర్చుకున్న నరకం, దయ్యాలు ఉన్నాయి. ఉత్సాహం అపారం. పగిలినదేమిటని అడిగితే చెప్పడం కష్టం, ఎందుకంటే వారి చేతిలో ఉన్న భాష వారిది కాదు. ఆ బృందం 1996లో ‘రూట్స్’ వెలువరించే నాటికి షవాంతే అనే ఆదివాసీ జనంతో కలిసి వాయించింది. బ్రెజిల్ తాళవాద్యాలు, పోర్చుగీసు మాటలు పాటలోకి వచ్చాయి. తొలి రికార్డు నుంచి అక్కడికి పదకొండేళ్లు. వీరి విషయంలో మాత్రం తొలి కృతి నిజంగానే విత్తనం.

భారతదేశంలోకి ఈ సంగీతం క్యాసెట్ల ద్వారా, తర్వాత ఉపగ్రహ టెలివిజన్ ద్వారా, ఆ తర్వాత అంతర్జాలం ద్వారా వచ్చింది. ముంబై, బెంగుళూరు దానికి తొలి కేంద్రాలు. 2007 మార్చిలో బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ వాయించినప్పుడు దేశం నలుమూలల నుంచి శ్రోతలు తరలివచ్చారు. హైదరాబాదు ఈ చరిత్రలోకి కాస్త ఆలస్యంగా వచ్చింది. గాడ్‌లెస్ వంటి బృందం వాయించడం మొదలుపెట్టే సమయానికి డెత్ మెటల్‌కు ముప్పై ఏళ్ల వయసు వచ్చింది.

ఆ ముప్పై ఏళ్లలో రొదకు వ్యాకరణం ఏర్పడింది. ‘స్కమ్’ లో లెక్కను చెరిపేసిన బ్లాస్ట్ బీట్ ఇప్పుడు పాఠాలు చెప్పి నేర్పే లెక్క. గర్జనకు శిక్షకులున్నారు. ఏ శాఖలో గిటారును ఎంత దించాలో, ధ్వనిని ఎలా మలచాలో అందరికీ తెలుసు. ఒక విధంగా లక్షణగ్రంథం సిద్ధమైంది, కాకపోతే దానిని ఎవరూ గ్రంథంగా రాయలేదు. ‘సెంచరీస్ ఆఫ్ డెకడెన్స్’ ఆ లక్షణాలన్నీ తెలిసినవారి పని. వాయిద్యాల మీద పట్టు, ముద్రణలో శుభ్రత స్పష్టంగా వినిపిస్తాయి. తొలి రికార్డులకు సహజమనుకునే తడబాటు దానిలో వెతికినా దొరకదు. సభ్యులు అంతకుముందే వేరే బృందాలలో ఆరితేరినవారు కావడం దానికి ఒక కారణం. ఈ నేర్పు నిజమైనది, మెచ్చుకోదగినది. కానీ పఠాభి పుస్తకం పక్కన ఉంచి చూస్తే ఒక తలకిందులు పరిస్థితి బయటపడుతుంది. పఠాభి తన భాషలో ఛందస్సును విరిచాడు. హైదరాబాదు బృందం పరాయిభాషలో ఏర్పడిన ఒక ఛందస్సును నిర్దోషంగా నడిపింది. బయటి శ్రోతకు రెండూ రొదలాగే వినిపిస్తాయి. ఒకటి నియమభంగం, మరొకటి నియమపాలన. ఆ రికార్డు విని తెలుగు శ్రోత చెవులు మూసుకుంటాడేమో గాని, దానిలో తనది ఏదో పగిలిందని బాధపడడు. 1939లో భావకవిత్వాభిమానులు, 1965లో సభాపతులు బాధపడ్డారు.

ఇది ఆంగ్లంలో పాడినందుకు వేసే నింద కాదు. ఆంగ్లం వారికి దూరదేశపు శ్రోతను ఇచ్చింది. ఈ సంగీతపు శ్రోతలు ప్రపంచమంతటా పలుచగా పరుచుకొని ఉంటారు, ఏ ఒక్క ఊళ్లోనూ సభ నిండదు. గర్జనలో మాట ఎలాగూ వినబడదు కదా, తెలుగైతేనేం, ఆంగ్లమైతేనేం అని వాదించడానికీ వీలుంది. ఆ వాదం నిలబడదు. గర్జనలో అచ్చులు కుంచించుకుపోతాయి, హల్లులు ముందుకు వస్తాయి. ఆంగ్లంలో మాట చాలాసార్లు హల్లుతో ముగుస్తుంది, దెబ్బలాగా ఆగుతుంది. అజంత భాష అయిన తెలుగులో దాదాపు ప్రతి మాటా అచ్చుతో తెరుచుకొని ముగుస్తుంది. ఆ అచ్చులను గర్జన ఏం చేయాలి, మింగాలా, సాగదీయాలా, లేక ద్రుతాన్ని వాడుకొని మూయాలా అన్నది నిజమైన శిల్పసమస్య. దానితో తలపడే తొలి రికార్డుకు పగలగొట్టడానికి ఏదో ఒకటి చేతిలో ఉంటుంది.

పరాయి వాద్యం సొంతం కావడానికి పట్టే కాలం గురించి పఠాభి పుస్తకపు పేరే ఒక చరిత్ర చెబుతుంది. ఫిడేలు ఐరోపా నుంచి వచ్చింది. పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసు సమీపాన దానిని నేర్చి కర్ణాటక సంగీతానికి తెచ్చాడు. నిలబడి గడ్డంకింద పెట్టి వాయించేదాన్ని వాద్యకారులు నేలమీద కూర్చొని కొసను పాదం మీద ఆనించి వాయించసాగారు. తీగలను షడ్జ పంచమాలకు శ్రుతి చేశారు. విజయనగరంలో ద్వారం వెంకటస్వామినాయుడు దానిని ఏకవాద్యంగా సభలో నిలబెట్టే నాటికి నూరేళ్లకు పైగా గడిచాయి. పఠాభి రాసే వేళకు ఫిడేలు సగం పరాయిది, సగం మనది; ‘ఫిడేలు రాగాలు’ అన్న మాటలోని చమత్కారమంతా ఆ సగాల మీదనే ఆధారపడింది. అదే మార్పును విద్యుత్ మాండలిన్ విషయంలో పాలకొల్లు బాలుడు యు. శ్రీనివాస్ ఒక్క బాల్యంలో సాధించాడు. నాలుగు జంటతీగల వాద్యాన్ని అయిదు ఒంటితీగలకు మార్చాడు. 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసేనాటికి అతనికి తొమ్మిదేళ్లు. గిటారును తెలుగు యువకులు బెంగుళూరు, ముంబై యువకులతో సమానంగా వాయించగలరని 2016 నాటి రికార్డు రుజువు చేసింది. 2021లో అదే బృందం ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ అనే పూర్తి నిడివి ఆల్బమ్‌ను వెలువరించింది. దానిలోని పాటలు కూడా ఆంగ్లంలోనే ఉన్నాయి.